ఉగ్గుగిన్నె వెండియు, పిప్పిపంటి జిగురును

ఉగ్గుగిన్నె నెరుగని తెలుగుతల్లి యుండదు. బిడ్డ పుట్టిన పిమ్మట పుట్టినింటివారు శక్తికొలది చిన్న వెండిగిన్నెయు, కాలికి మువ్వలును తెచ్చుట మన యిండ్ల యాచారము. వెండి చల్లని లోహమనియు, అందులో పోసిన పాలు త్వరగా చెడవనియు పెద్దలు చెప్పుదురు. ఈ మాటలో నమ్మకము కొంత, సత్యము కొంత గలదు. సత్యమైన భాగమును వైద్యులు చాలకాలము క్రిందటనే గుర్తించిరి. 1881వ సంవత్సరమున జర్మనీ దేశపు లైప్జిగ్ నగరములోని ప్రసవశాలకు పెద్దయైన క్రేడే యను వైద్యుడు, పుట్టినబిడ్డల కన్నులలో వెండినుండి చేసిన లవణపు నీటిచుక్క వేసినచో, కండ్లకు పుట్టుకతో సోకి చూపును హరించు జబ్బు రాకుండునని ప్రకటించెను. ఆ యొక్క చుక్కవలన చూపు నిలుపుకొన్న పసివారు లెక్కకు మిక్కిలి.

ఆ వెండియే నేడు కంటికి గానరాని రేణువులై, మన పిప్పిపండ్లను పూడ్చునప్పుడు వాడు జిగురులోనికి ప్రవేశింపజూచుచున్నది. పంటి పూడికకును వెండిధూళికిని సంబంధమేమి? దానివలన మన యింటికి గలుగు మేలేమి? ఇంకను కలుగని దేమి? ఈ సంగతులను సోదరీమణులకు విన్నవింపవలెనని మేము తలచితిమి.

కామారెడ్డి జిల్లాయందు, మహారాష్ట్ర సరిహద్దునకు చేరువగా డోంగ్లి యను గ్రామము గలదు. మొదట మద్నూరు మండలములో నుండి, 2022లో తానే యొక మండలమునకు ముఖ్యగ్రామమైనది. అచ్చటి వాడుకలో తెలుగు మరాఠీతో కలిసి మెలసి యుండును. అట్టి గ్రామమున నొక గృహిణికి దంతము పుచ్చినదనుకొందము. మొదట లవంగము నొక్కిపెట్టును. తరువాత నొప్పిబిళ్ల మ్రింగును. రాత్రి నిద్రలేక, పగలు అన్నము నమలలేక, తుదకు బాన్సువాడకో నిజామాబాదునకో ప్రయాణమగును. ఆనాటి కూలి పోయినది. బస్సు ఛార్జీ పోయినది. ఇంటివద్ద బిడ్డను చూచుటకు మరియొకరు కావలసివచ్చినది. డాక్టరు పుచ్చిన భాగమును తొలిచి, పూడ్చి, పంపెను. మన స్త్రీలు దీనినే "పంటికి సిమెంటు పెట్టించితిమి" అందురు.

రెండేండ్లు గడువకమునుపే ఆ పూడిక క్రింద మరల నొప్పి మొదలైనచో? పట్టణమునందున్నవారికి అది చిన్న విసుగు మాత్రమే. డోంగ్లి వంటి గ్రామమునందున్నవారికి అట్లు గాదు. "మరల మరల ఎవరు తిరుగగలరు? పీకివేయుడు" అనుమాట ఆమెనోటనే వచ్చును. ఒక పన్ను ఊడిన పిమ్మట ప్రక్కపన్ను ఒరుగును, ఎదుటిపన్ను సాగును, నములుట కష్టమగును. జొన్నరొట్టె తిను నోటికి ఇది అల్పవిషయము గాదు. కావున పూడిక యెన్నాళ్లు నిలుచుననునది శాస్త్రజ్ఞుల వాదము మాత్రమే గాదు. అది గృహిణి భోజనమునకు సంబంధించిన ప్రశ్న.

పన్ను ఏల పుచ్చును?

పంటిలో పురుగు చేరినదని మన పల్లెలలో నేటికిని చెప్పుకొందురు. వాకుడు గింజల పొగ పట్టించి పురుగులను రాల్చితిమను వారును గలరు. నిజమునకు పంటిలో పురుగు లేదు. 1890లో మిల్లరు అను దంతవైద్యుడు తన గ్రంథమునందు దీనికి కారణము వివరించెను. మన నోటియందు సూక్ష్మజీవులు గలవు. మనము తిన్న తీపిని, పిండిపదార్థములను అవియును తిని, ఆమ్లమును విడుచును. ఆ పులుపు పంటిపై పింగాణివంటి పొరను కరగించును. 1924లో క్లార్కు అను ఆంగ్లేయవైద్యుడు ఈ సూక్ష్మజీవులలో ముఖ్యమైన దానిని గుర్తించి, స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ అని పేరిడెను.

పింగాణిపొరలో నూటికి 96 పాళ్లు ఖనిజమే. మన దేహమునందు దానికంటె గట్టిది మరియొకటి లేదు. అయినను ఆమ్లమునకు అది నిలువలేదు. దానిలోపలి దంతధాతువు, అనగా డెంటిను, అంతకంటె మెత్తనిది. బరువులో సుమారు 70 పాళ్లు ఖనిజము, 20 పాళ్లు నారవంటి మాంసపదార్థము, 10 పాళ్లు నీరు. దీనియందు పంటినరము వైపునకు పోవు సన్నని గొట్టములు వేలకొలది గలవు. చల్లనినీరు త్రాగినపుడు పన్ను జివ్వుమనుట ఈ గొట్టములవలననే.

ఒక సంగతి తల్లులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. ఈ సూక్ష్మజీవులు బిడ్డ నోటిలోనికి చాలసార్లు తల్లి యుమ్మినీటితోనే చేరును. ఉగ్గు వేడిగా నున్నదో లేదో చూచుటకు చెంచాను తన నోటపెట్టుకొని, దానినే బిడ్డ నోటికందించుట మన వాడుక. గిన్నె వెండిదైనను చెంచామీది యుమ్మినీటిని అది శుద్ధిచేయలేదు. కావున తల్లి తన పండ్లను బాగుచేయించుకొనుట బిడ్డకును రక్షయే యగును.

పూడిక పంటి నెట్లు పట్టుకొనును?

పూర్వపు పూడికలు పాదరసముతో చేసినవి. సగమువరకు పాదరసము, తక్కినది వెండి, తగరము, రాగి మొదలైన లోహముల పొడి. ఆ ముద్ద పంటికి అంటుకొనదు; పంటిని లోపల వెడల్పుగా తొలిచి, ముద్దను దట్టించి, జారిపోకుండ నిలుపుదురు. అందుకై బాగున్న పన్నునుగూడ కొంత తొలుచవలసివచ్చెడిది.

1955లో అమెరికాదేశమునందలి రోచెస్టరు నగరమున బ్యూనకోరు అను దంతవైద్యునికి మరియొక యుపాయము తోచెను. లోహముపై రంగు బాగుగా పట్టుటకు కర్మాగారములవారు ముందుగా ఆమ్లముతో కడుగుట యాయన యెరుగును. పంటినిగూడ అట్లే కడిగిన నేమి? మన మేస్త్రి పాతగోడకు క్రొత్తగచ్చు పట్టవలెనన్న గోడను గాట్లు పెట్టును గదా! ఆమ్లము పింగాణిపొరపై కంటికి గానరాని గాట్లు పెట్టును. పలుచని జిగురు వానిలోనికి దిగి గట్టిపడును. ఇంచుమించు ఆ కాలముననే బోవెన్ అను మరియొకడు పంటిరంగుగల ప్లాస్టికువంటి పూడికద్రవ్యమును కనిపెట్టి, 1962లో దానికి హక్కుపత్రము పొందెను. నేడు నీలికాంతి చూపి గట్టిపరచు తెల్లని పూడికలన్నియు ఈ యిద్దరి యూహలకు సంతతియే.

పింగాణిపొర విషయమున ఉపాయము ఫలించెను గాని, లోపలి దంతధాతువు తడిగా నుండుటచే జిగురు అచ్చట సరిగా పట్టెడిది కాదు. 1982లో జపాను శాస్త్రజ్ఞుడు నకబయాషి, జిగురు దంతధాతువులోని నారలసందులకు చొచ్చి వానితో నల్లుకొని క్రొత్తపొరగా నేర్పడునని చూపెను. సగము పన్ను, సగము జిగురునైన ఆ పొరయే పూడికకు ఆధారము.

దాని బలహీనతయు నచ్చటనే గలదు. పూడికద్రవ్యము గట్టిపడునపుడు నూటికి రెండు మూడు పాళ్లు కుదించుకొనిపోవును. అందుచే అంచున వెంట్రుకకంటె సన్నని సందు ఏర్పడవచ్చును. జిగురు చేరని నారలను మన పంటిలోని జీర్ణరసములే కాలక్రమమున కొరికివేయును. ఆ సందులోనికి సూక్ష్మజీవులు దూరును, తీపి దూరును, ఆమ్లము పుట్టును. పైన పూడిక నిగనిగలాడుచుండగా క్రింద పన్ను పుచ్చుచుండును. గాదె తలుపునకు తాళమువేసి, గోడలోని యెలుకబొరియను మరచినట్లు. తెల్లని పూడికలు చెడుటకు ముఖ్యకారణము లోపల మరల పుచ్చుటయే.

జిగురులో కావలి

బొరియను పూర్తిగ మూయుట సాధ్యముగాకున్నచో, బొరియలోనే కావలి నుంచరాదా? ఈ యూహయే సూక్ష్మజీవులను చంపు జిగురులకు మూలము.

జపానుదేశమున ఒసాకా విశ్వవిద్యాలయమునందు ఇమజాటో మొదలగువారు 1990ల దశకమున ఎండీపీబీ యను ద్రవ్యమును నిర్మించిరి. ఇది జిగురుతోనే గట్టిపడి, అందులోనే బంధింపబడి యుండును, కరగిపోదు. ధనవిద్యుత్తుగల దగుటచే, ఋణవిద్యుత్తుగల సూక్ష్మజీవి దానిని తాకినపుడు సూక్ష్మజీవి పైతొడుగు చినుగును. ఇది తాకినవానిని మాత్రమే చంపును. పైన మరికొన్ని పొరలుగా పేరుకొన్నవానిని చేరజాలదు. చచ్చిన సూక్ష్మజీవులే దానిపై కప్పుగా నేర్పడినచో బలము తగ్గును.

అచ్చట వెండి యక్కరకు వచ్చును. వెండి తాకవలసిన పనిలేదు. రేణువునుండి వెండి యయానులు మెల్లమెల్లగా విడివడి, చుట్టునున్న తడిలో కలిసి, సూక్ష్మజీవి ప్రాణాధారములైన మాంసకృత్తులకు పట్టుకొని, దాని పనులను స్తంభింపజేయును. కాని ముద్దవెండి యిట్లు చేయజాలదు. బెల్లపుగడ్డను నీటిలో వేసిన మెల్లగా కరగును. దానినే పొడిచేసి వేసిన వెంటనే కరగును. పదార్థ మొకటే, నీటికి తగులు తలము మాత్రము హెచ్చినది. ఈ న్యాయముననే వెండిని నానోరేణువులుగా చేయుచున్నారు.

నానో అనగా నెంత? ఒక మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసిన ఒక్కొక్కటి ఒక నానోమీటరు. మన తలవెంట్రుక దళసరి సుమారు 80 వేల నానోమీటర్లు. దంతధాతువులోని గొట్టము వెడల్పు వేయి మొదలు 2500 నానోమీటర్లవరకు నుండును. పండ్లను పుచ్చించు సూక్ష్మజీవి 500 నుండి 750 నానోమీటర్లు. అమెరికాలోని మేరీలాండు విశ్వవిద్యాలయమున హాకిన్ షూ బృందమువారు 2012లో ప్రకటించిన పరిశోధనలలో వాడిన వెండిరేణువు 2.7 నానోమీటర్లు మాత్రమే. జిగురుతోపాటు అది యే గొట్టములోనికైనను సులభముగ దిగగలదు. వారు కలిపిన వెండి, బరువులో వేయింట ఒకపాలు, లేదా అందులో సగము. ఈ స్వల్పముతోనే ఉమ్మినీటినుండి పెంచిన సూక్ష్మజీవుల పొర మిక్కిలి తగ్గినదనియు, పీకిన పండ్లపై చేసిన పరీక్షలయందు జిగురుపట్టు తగ్గలేదనియు వారు చూపిరి. తాకి చంపు ద్రవ్యమును, విడివడి చంపు వెండిని జతపరచుట వారి విశేషము. కొన్ని ప్రయోగములలో సున్నపు భాస్వరరేణువులను గూడ చేర్చిరి. నోరు పులిసినపుడు అవి కరగి, పంటికి పోయిన ఖనిజమును తిరిగి యిచ్చును.

వెండియే గాక జింకు ఆక్సైడు, రాగి, టైటానియము ఆక్సైడు రేణువులతోను, రొయ్యలపెంకు నుండి తీయు కైటోసాన్‌తోను వివిధదేశములలో ఇట్టి ప్రయత్నములు సాగుచున్నవి.

మేము తొందరపడి పొగడకుండుటకు కారణములు

మొదటిది: ఈ వెండిరేణువుల జిగురులనుగూర్చిన సాక్ష్యములలో చాలభాగము ప్రయోగశాలలోనివే. గాజుపళ్లెములోని పన్ను వేడిటీ త్రాగదు, పోకచెక్క నమలదు. నోటియందు పది సంవత్సరములు నిలిచి చూపినపుడే పూడిక గొప్పతనము తేలును.

రెండవది: వెండి హెచ్చినచో రంగు నల్లబడును. జిగురు గట్టిపడుటకు కావలసిన నీలికాంతిని రేణువులు అడ్డగింపవచ్చును. అంతట పూడిక పచ్చిగా నుండిపోవును. వంటలో ఉప్పువలె, తగినంత వేసిననే గుణము.

మూడవది: విడివడి చంపు ద్రవ్య మేదైనను ఒకనాటికి తరిగిపోవును. అది తరిగినపిమ్మట కావలి యుండదు.

నాల్గవది: వెండి నిరపాయమను భ్రమ కూడదు. వెండినీళ్లను ఔషధముగా దీర్ఘకాలము త్రాగినవారి చర్మము నీలిబూడిదరంగునకు తిరిగి, మరల మారకుండుట వైద్యు లెరిగినదే. అమెరికా ఔషధశాఖవారు 1999లో అట్టి వెండినీళ్ల మందులు సురక్షితములనియు గుణకరములనియు అంగీకరింపబడలేదని ప్రకటించిరి. జిగురులో బంధింపబడిన అణుమాత్రము వేరు, సీసాలు సీసాలుగా త్రాగుట వేరు. ఇంటిలో వెండినాణెమును నానబెట్టిన నీటితో పంటిజబ్బును కుదుర్చుకొనజూచుట వ్యర్థము.

మన తెలుగునాట మరియొక చిక్కు

జిగురు పట్టుటయందు మన తెలుగుదేశమునకు విశేషమైన కష్టమొకటి గలదు. 1937లో షార్టు మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాయందలి గ్రామములలో, త్రాగునీటిలోని ఫ్లోరైడు హెచ్చుటచే పండ్లు మచ్చలుపడి యెముకలు బిగిసిపోవు జబ్బును వర్ణించిరి. నల్లగొండ జిల్లా ప్రజలు దానిచే పడిన బాధ జగద్విదితము. నీటిలోని ఫ్లోరైడును పటికతోను సున్నముతోను విరుచు పద్ధతికి "నల్లగొండ పద్ధతి" యని పేరు వచ్చుటయే యందుకు సాక్షి. నాగపూరులోని జాతీయ పరిశోధనాలయమువారు 1970ల దశకమున దానిని రూపొందించిరి. ఫ్లోరైడు పట్టిన పింగాణిపొర ఆమ్లమునకు సులభముగ లొంగదు. గాట్లు సరిగా పడవు. జిగురు సరిగా పట్టదు. కావున అట్టి పండ్లకు డాక్టరులు పైపొరను కొంచెము గీకియో, ఆమ్లము నెక్కువసేపు ఉంచియో పనిచేయవలసివచ్చును. చిన్ననాట ఫ్లోరైడునీరు త్రాగి పెరిగినవారు ఆ సంగతిని డాక్టరుతో ముందుగనే చెప్పుట మంచిది.

నేడు చేతికందునవి

రేపటి జిగురుకొరకు నేటి పంటిని పోగొట్టుకొనుట తెలివిగాదు. వెండిగుణమును వాడుకొను మందొకటి ఇదివరకే గలదు. దానిపేరు సిల్వర్ డయమీన్ ఫ్లోరైడు. జపానులో 1970 ప్రాంతమునుండి వాడుకలో నున్నది. దీనిని పుచ్చినచోట తొలుచకుండగనే బొట్టువలె పూయుదురు. పుచ్చు ముందునకు సాగక ఆగిపోవుట పెక్కుమందియందు చూడబడినది. లోప మొక్కటే: పుచ్చినచోటు నల్లబడి నిలుచును. ఊడిపోవు పాలపండ్లకును, యంత్రముచూచి భయపడు పిల్లలకును, కదలలేని వృద్ధులకును ఇది మిక్కిలి యుపకారి. పంటికి తనంతట అంటుకొని, ఫ్లోరైడును కొద్దికొద్దిగా విడుచు గ్లాస్ అయనోమరు సిమెంటు మరియొకటి. దానిని విల్సను, కెంటు అనువారు 1972లో లోకమునకు తెలిపిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2021లో ఈ రెంటిని, ఫ్లోరైడుగల పంటిముద్దను ఆవశ్యకౌషధముల పట్టికలో చేర్చిరి. ప్రపంచమున సుమారు 200 కోట్లమందికి శాశ్వతదంతములు పుచ్చియున్నవనియు, 51 కోట్లకు పైబడిన పిల్లలకు పాలపండ్లు పుచ్చినవనియు అదే సంస్థ 2022లో తెలిపినది. కావున పుచ్చుపన్ను సిగ్గుపడవలసిన రోగము గాదు, దాచవలసినదియు గాదు.

పూడిక చేయించుకొనునపుడు డాక్టరును మూడు ప్రశ్నలడుగుడు. పెట్టుచున్న ద్రవ్యమేది? ఎన్నాళ్లు నిలుచునని తోచుచున్నది? మరల చూపించుకొనవలసిన దెప్పుడు? "నానో" అనుమాట పెట్టెమీద నున్నంతమాత్రమున అధికధనమిచ్చుట వలదు. దూరప్రయాణము కష్టమైనవారు, ఒకేరాకతో నోరంతయు చూపించుకొని, పుచ్చుటకు మొదలిడిన తక్కిన పండ్లనుగూడ బాగుచేయించుకొనిన ఒక ప్రయాణము కలిసివచ్చును. దంతవైద్యకళాశాలల ఆసుపత్రులలో తక్కువ వ్యయముతో పని జరుగును. హైదరాబాదునందు ప్రభుత్వకళాశాల గలదు. నిజామాబాదు చెంతను ఒక దంతకళాశాల గలదు.

ఇంటి కట్టుబాట్లు కొన్నియే. రాత్రి పండుకొనుటకు ముందు తప్పక పండ్లుతోముట. ఫ్లోరైడుగల ముద్దను మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆరేండ్లలోపువానికి బఠానీగింజంత మాత్రమే యుంచుట. పాలసీసా నోటనుంచి నిద్రపుచ్చకుండుట. తీపిని భోజనముతోడనే ముగించి, నడుమ నడుమ చప్పరింపకుండుట. పండ్లపుల్ల వాడువారు పుల్లను మెత్తగా నమిలి వాడవచ్చును; బొగ్గుపొడియు, ఇటుకపొడియు పింగాణిపొర నరగదీయును. పొగాకుపొడితో పండ్లుతోముకొను అలవాటు కొందరు స్త్రీలయందు గలదు. నొప్పి తగ్గినట్లు తోచినను అది నోటి పుట్టకురుపునకు త్రోవతీయును. దానిని ఈదినమే మానుడని మా ప్రార్థన.

శాస్త్రజ్ఞులు పంటిబొరియలో వెండికావలి నుంచుటకు శ్రమించుచున్నారు. ఆ శ్రమ ఫలించి, డోంగ్లి గృహిణి యొకసారి పూడ్పించుకొన్న పన్ను ఆమె మనుమల పెండ్లిలో లడ్డు నమలువరకు నిలుచుగాక! అంతవరకు మన నోటికి మొదటికావలి మనమే. ఈరాత్రి ఉగ్గుగిన్నెను కడిగి బోర్లించిన పిమ్మట, దీపము నార్పకముందు, బిడ్డ పండ్లను, మీ పండ్లను ఒకసారి వెలుతురున చూచుకొనుడు. నల్లని చుక్క చిన్నదిగా నున్నపుడే కనబడినచో, ప్రయాణమును చిన్నదే, వ్యయమును చిన్నదే యగును.